గోడ మీద మూడు గళ్ల గుడ్డలు

9 జూన్, సోమవారం

మా అమ్మ లెక్క ప్రకారం నేను ప్రేమలో ఉన్నాను.

ఆవిడ దగ్గర సాక్ష్యాలు కూడా ఉన్నాయి. నా కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. సాయంత్రమయ్యేసరికి గదిలో లైటు ఆర్పేసి పడుకుంటున్నాను. పిలిస్తే ఒక పట్టాన పలకటం లేదు. అన్నం ముందు కూర్చుని కంచంకేసి చూస్తున్నాను. ఇవన్నీ కూడితే ఎవడో ఒకడు తేలాడట జవాబుగా. కూడికలు నా ఉద్యోగం. నేను ఎన్నిసార్లు కూడినా వాడు తేలటం లేదు.

పొద్దున్న కాఫీ ఇస్తూ గ్లాసు వదలకుండా పట్టుకుంది.

"ఆ అబ్బాయి మనోళ్లేనా?"

"ఏ అబ్బాయి?"

"సరేలే, సెప్పకు." గ్లాసు వదిలింది. "పరమేశ్వరికేటి తెలీదనుకుంటన్నారు అందరూను."

కన్యకాపరమేశ్వరి అని నిండుగా పేరున్న మనిషి. అలిగినప్పుడు మాత్రం తన గురించి తనే ఎవరో పక్కింటావిడ గురించి చెప్పినట్టు చెప్పుకుంటుంది.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి మూడేళ్లుగా ఈ మేడమీద గదిలో కూర్చుని ఉద్యోగం చేస్తున్నాను. నేనేం చేస్తానో ఈ ఇంట్లో ఒక్కళ్లకీ తెలియదు. కింద బట్టల కొట్టులో నాన్నని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో" అంటాడు. కంప్యూటర్లో ఏమిటో అడిగినవాడికీ అక్కర్లేదు. విశాఖలో ఓడెక్కాల్సిన రొయ్యల కంటైనర్లు యార్డులో వరసగా ఉంటాయి, ప్రతిదానికీ లోపల చలి ఎంతుందో అస్తమానం చూస్తుండాలి, ఆ అంకెలన్నీ ఒక షీట్లో నా దగ్గరికి వస్తాయి. మైనస్ పద్ధెనిమిది. మైనస్ పద్ధెనిమిది. మైనస్ పదిహేడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే. వీటిని చూసిన కళ్లు ఎర్రబడక తెల్లగా మల్లెపూల్లా ఉంటాయా?

అమ్మ ఇది అడగదు. అబ్బాయి మనోళ్లేనా అని అడుగుతుంది.

తలనొప్పి లేదు.


10 జూన్

తలనొప్పి లేదు. మూడు దాటాక కొంచెం. కొంచెం లెక్కలోకి రాదు.


12 జూన్, గురువారం

తప్పు చేశాను. చిన్నది కాదు.

షీట్లో కంటైనరు నంబరు ఎడమ చివర ఉంటుంది. సాయంత్రం రీడింగు కుడి చివర. మధ్యలో గడులే గడులు. నా లాప్‌టాప్ పధ్నాలుగు అంగుళాలది. కుడివైపుకి జరిపితే నంబరు పోతుంది, నంబరు కనబడేలా బిగిస్తే అంకెలకి చోటుండదు, అన్నీ పట్టేలా కుదిస్తే అక్షరాలు ఆవగింజలు. అలా జరుపుతూ జరుపుతూ ఎక్కడో ఒక వరస కిందికి జారిపోయాను. ఒకదాని రీడింగు ఇంకోదానికి పడింది. యార్డులో వాళ్లు బాగున్న కంటైనరుని ఎర్రటి ఎండలో తెరిచి చూశారు. చలి తగ్గి పాడవుతున్నది మూసే ఉంది. అదృష్టం, దాన్ని యార్డులోనే ఎవరో పట్టుకున్నారు.

మేనేజరు వినోద్‌ గారు ఫోన్ చేశారు. అరిచుంటే బాగుండేది.

"ఝాన్సీ గారూ, మీరిలా కాదు కదండీ" అన్నారు. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా? నెలాఖరు దాకా మీ షీట్లు సుహాసిని గారు ఇంకోసారి చూస్తారులెండి."

నాతోపాటు చేరిన సుహాసిని నా షీట్లు దిద్దడం. తను మెసేజీ పెట్టింది: "తల్లీ, అంత షీటు ఆ పలక మీద ఎలా చూస్తున్నావే? మానిటరు కొను. ఇరవై ఏడు. కళ్లు మూసుకుని కొనెయ్."

కళ్లు మూసుకుని అనే మాట నాకు నచ్చలేదు.

కానీ విషయం సరైనదే. తప్పు తెరది, నాది కాదు. సాయంత్రం పూట కుడి చివరి గడులు తడిగుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోతున్నాయంటే తెర చిన్నది కాబట్టే.

నానమ్మ కళ్లకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నానమ్మకి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి కొంచెం కొంచెంగా పోయిందట. అది వేరు. వంశంలో వస్తుందని రాసిన పేజీ ఒకటి తెరిచి, రెండు పేరాలు చదివి మూసేశాను. అది రాసినవాడు డాక్టరు కూడా కాదేమో.


13 జూన్, శుక్రవారం

ఎంత మానిటరు కొనాలి అన్నది ఇంత పెద్ద తగాదా అని నాకు తెలియదు. ముప్పై రెండు లేనివాడిది బతుకే కాదంటాడొకడు. ముప్పై రెండు కొన్నాక మెడ పట్టేసి, తలగడ కింద వేణ్ణీళ్ల సంచి పెట్టుకుని పడుకున్నానంటాడు ఇంకొకడు. వెడల్పాటిది, వంపు తిరిగినది, అడ్డంగా గది పొడవునా ఉండేది కూడా ఉందట. అది సినిమా హాలు. ఇరవై నాలుగు చాలు, అంతకంటే ఆశ అంటాడు ఇంకో పెద్దమనిషి.

అందరూ ఒప్పుకునేది ఒక్కటే. చెయ్యి చాపితే వేలు తగిలేంత దూరంలో తెర ఉండాలి, మెడ తిప్పకుండా అంచు నుంచి అంచుకి కనబడాలి.

నా బల్ల ఒకప్పుడు కింద కొట్లో గుడ్డ కత్తిరించే బల్ల. దాని మీద ఏ సైజు ఎలా ఉంటుందో అంకె చూస్తే నాకు తెలియదు. మాది బట్టల కొట్టు. ఏ కొలతైనా పరిచి చూస్తే గానీ మా బుర్రలకెక్కదు. కర్టెను గుడ్డ కోసం వచ్చి నసిగే వాళ్లతో నాన్న అనే మాట ఒకటే: "పరిసి సూస్కోండమ్మా, గుడ్డ అబద్దమాడదు."

కిందికెళ్లాను. స్కూళ్లు తెరిచే రోజులు, కొట్టు నిండా యూనిఫారాలకి వచ్చిన తల్లులు. గజపతినగరంలో పిల్లలున్న ప్రతి ఇల్లూ మా గుమ్మంలోనే ఉన్నట్టుంది. నాన్న తల ఎత్తలేదు. ఒక స్కూలు వాళ్లు ఈ ఏడు గళ్లు మార్చేశారు, పాత నీలం గళ్ల తాను ఒకటి అలాగే పడుంది. అందులోంచి మూడు ముక్కలు తీశాను. పన్నా, అంటే అడ్డం వెడల్పు, ఒకటి ఇరవై నాలుగు అంగుళాలు, ఒకటి ఇరవై ఏడు, ఒకటి ముప్పై రెండు. ఎత్తు పదహారుకి తొమ్మిది చొప్పున లెక్క కట్టి మరీ కత్తిరించాను. సుద్దముక్కతో నంబర్లు వేసి బల్ల ఎదుటి గోడకి గుండుసూదులతో దించాను.

నీలం గళ్లు. అచ్చం నా షీటే. ఇంతకాలం ఈ గుడ్డ అమ్ముడుపోకుండా నా కోసమే ఉన్నట్టుంది.

ఒక్కోదాని ముందు చాలాసేపు కూర్చున్నాను. ముప్పై రెండు మానిటరు కాదు, దుప్పటి. ఇరవై ఏడుకి కుడి చివరి గడి చూడాలంటే మెడ తిరుగుతోంది. సుహాసిని మెడ ఎలాంటిదో మరి. ఇరవై నాలుగు ముందు కూర్చుంటే హాయిగా ఉంది. కళ్లు కదిలితే చాలు. మొదటి గడీ చివరి గడీ ఒకే చూపులో.

పొద్దున్నపూట చూశాను కాబట్టి అన్నీ స్పష్టంగానే కనబడ్డాయి.


15 జూన్, ఆదివారం

గరివిడి నుంచి భారతత్త వచ్చింది. నాన్న చెల్లెలు. ఊరికే రాలేదు, అమ్మ పిలిపించింది. ఆడపిల్లల మనసులోది లాగడంలో భారతత్తకి మా చుట్టాల్లో పేరుంది. చేతిలో మామిడి తాండ్ర, మొహంలో పని మీద వచ్చిన పోలీసు.

తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కూర్చోబోతూ గోడ చూసి ఆగిపోయింది.

"ఏటే ఇది?"

"కొలతలు అత్తా."

"సొక్కా గుడ్డ కాదేటే ఇది?" దగ్గరికెళ్లి సుద్ద అంకె చదివింది. "ఇరవై నాలుగు. ఛాతీయా? మరీ పీలగున్నాడేటే ఆడు?" పక్కది చదివింది. ఆ పక్కదీ చదివింది. గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! ముగ్గురేటే?"

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వేకొద్దీ కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు చూసి అత్త మెత్తబడిపోయింది.

"ఏడవకే తల్లీ. అత్తకి సెప్పు. మీ నాన్నతో నాను మాటాడతాను. ఒకడి పేరు సెప్పు సాలు."

"మానిటరు అత్తా. కంప్యూటరుకి పెట్టుకునే పెద్ద తెర. ఎంతది కొనాలో తెలియక గుడ్డ పరిచి చూస్తున్నాను."

"తెరకి ఏడుస్తారేటే ఎవులైనా?"

ఇంతలో గోడ పట్టుకుని నానమ్మ వచ్చింది. ఇంట్లో ఎక్కడ మాటలు వినబడితే అక్కడికి వస్తుంది, ఎవరూ పిలవక్కర్లేదు. గోడ తడుముతూ తడుముతూ చెయ్యి గుడ్డ మీద పడింది. వేళ్లతో నలిపింది.

"గంజి తప్ప గుడ్డ నేదు ఇందల. అమ్ముడవని తానుది కాదేటి? మీ నాన్న రోజూ దీని గురించే గోల. అడక్కుండా సింపీసినావా?"

"అమ్ముడవదు కాబట్టి తీశాను నానమ్మా."

"నీ మనవరాల్ని సూడమ్మా," అంది అత్త, "కళ్లు సూడు ఎలగున్నాయో దీనివి, మంకెన పువ్వుల్లాగ." అనేశాక నాలిక కరుచుకుంది. చూడమని ఎవరితో అంటోందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

నానమ్మ ఏమీ అనుకోలేదు. "మండుతన్నాయేటే?" అంది నా వైపుకి కాస్త పక్కగా తిరిగి. "నాకూ అలగే మొదలైనాది."

"నీదెప్పటి మాటే అమ్మా, ఊరుకో."

"పెళ్లిళ్ల సీజను అది. కొట్లో ఊపిరాడ్డం నేదు. సీజనయ్యాక ఎల్దారి డాక్టరు దగ్గిరికని నేనే అన్నాను. సీజనయ్యేసరికి కన్నే అయిపోనాది." అని నవ్వింది. "భారతీ, తాండ్ర తెచ్చినావు కదా, వాసనొస్తంది. పెట్టవేటి?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తాండ్ర బాగుంది, కొంచెం పీచు.

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర అత్త అమ్మతో గొంతు తగ్గించి చెప్పింది, నాకు వినబడేలాగే తగ్గించింది: "గట్టి పిల్ల వదినా. నోరిప్పనేదు."


16 జూన్

ఇరవై నాలుగు. తేలిపోయింది. ఆన్‌లైన్లో మంచిదొకటి చూసి కార్టులో వేశాను. ఆర్డరు నొక్కలేదు. నెట్ స్లోగా ఉంది.


17 జూన్, మంగళవారం

నెట్ బాగానే ఉంది. నొక్కలేదు.

సుహాసిని నా షీట్లో రెండు వరసలు దిద్ది పంపింది. పక్కన ఒక నవ్వు బొమ్మ.

తలనొప్పి లేదని రాయడం ఇక మానేస్తున్నాను.

ఎందుకు నొక్కలేదో రాస్తాను, ఎవరూ చదవరు కదా. మానిటరు కొననంత కాలం తప్పు తెరది. కొన్నాక కూడా చివరి గడి అలుక్కుపోతే?


18 జూన్, బుధవారం

మధ్యాహ్నం నాన్న మేడమీదికి వచ్చాడు. సీజన్లో నాన్న పైకి రావడమంటే కొట్టు తగలబడుతూ ఉండాలి. ఎవరో ఒకావిడ పాత గళ్లే కావాలందట, కొత్తవి కుట్టించేదాకా వాళ్ల పెద్దబ్బాయివి చిన్నవాడికి సరిపెట్టడానికి మోచేతి దగ్గర అతుకు వెయ్యాలని. అతుక్కి తాను తెంపడమెందుకని చివరి ముక్కల కోసం విప్పితే అవి లేవు.

గోడ మీద ముక్కలు చూశాడు. సుద్ద అంకెలు చూశాడు. కోప్పడలేదు. కత్తిరించిన అంచుని రెండు వేళ్లతో పట్టుకుని, "కత్తెర తిన్నగా ఎల్లింది" అన్నాడు.

"మానిటరు కొనాలి నాన్నా. కొలత చూసుకుంటున్నాను."

"ఇదున్నాది కదా" లాప్‌టాప్ చూపించాడు.

"చిన్నది."

"మూడేళ్లు సరిపోయినాది కదమ్మా."

"కనబడటం లేదు" అన్నాను.

తెర మీద అన్నీ ఒకేసారి కనబడటం లేదు అనబోయాను. అది సగమే బయటికొచ్చింది. ఆ సగమే గదిలో ఉండిపోయింది. కింద నుంచి ఆ అతుకు ముక్క ఆవిడ "సూర్యారావు గారండీ, ముక్కుందా లేదా?" అని కేకేస్తోంది. నాన్న కదల్లేదు. నన్ను చూడలేదు, నా కళ్లు చూశాడు. తానులో ఎక్కడో పోగు తెగి ఉంటుందని గుడ్డని వెలుతురుకి పెట్టి చూసే చూపు అది.

"ఎన్నాళ్ల నించి?"

"నాన్నా, అది కాదు..."

"ఎన్నాళ్ల నించే?"

నేను లాప్‌టాప్ మూసేశాను. నాన్న ముప్పై రెండు నంబరు గుడ్డ గోడ మీంచి లాగి, మడతపెట్టి పట్టుకుని కిందికెళ్లిపోయాడు. సూదులు నేల మీద దొర్లాయి. ఒక్కోటీ వెతికి తీశాను. అన్నీ కనబడ్డాయి.


19 జూన్

 సాయంత్రం కొట్టు కట్టాక నాన్న వెళ్లి నానమ్మ దగ్గర కూర్చున్నాడు. 


20 జూన్, శుక్రవారం

కొట్టు మూసేశాడు.

యూనిఫారాల సీజన్లో, శుక్రవారం పూట, పొద్దున్నే గొళ్లెం వేసి తాళం అమ్మ చేతిలో పెట్టి, "ఝాన్సీ నేనూ విజయనగరం ఎల్లొస్తాం" అన్నాడు. అమ్మ తాళంకేసి చూసింది, నాన్నకేసి చూసింది, మొహం వెలిగిపోయింది.

"మీకు సెప్పిందా మరి? నాకు సెప్పనేదు కానీ మీకు సెప్పింది." నన్ను గదిలోకి లాక్కెళ్లింది. "ఆ బూడిద రంగుదేటే? పసుపు చున్నీ ఏసుకో. వాళ్లది ఇల్లెక్కడ? పోనీ నేనూ రానా?"

"కంటి డాక్టరు దగ్గరికి అమ్మా."

"అలగే, అలగే. కంటి డాక్టరే." కన్ను కొట్టింది. మా అమ్మ కన్ను కొట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడ్డం.

పసుపు చున్నీ వేసుకునే వెళ్లాను, వాదించే ఓపిక లేక. సంచిలో ఇరవై నాలుగు గుడ్డ మడతపెట్టి పెట్టాను. ఎందుకో తెలియదు. ఆస్పత్రి తర్వాత మానిటర్ల కొట్టుకి వెళ్లేంత బాగుంటాను అని ఎవరికో మాటిచ్చినట్టు.

బస్సులో నాన్న కిటికీ వైపు కూర్చోమన్నాడు. దారంతా బోర్డులు చదివించాడు. నా కళ్ల సంగతి అడగకుండానే. "అదేటి రాసున్నాది? ఆ పైది? దానెనకాలది?" నేను చదువుతూ పోయాను. ఒకచోట ఇద్దరం చదవలేకపోయాం, ఎండకి రంగు వెలిసిపోయిన బోర్డు. "అది ఎవులికీ కనబడదులే" అన్నాడు.

ఆస్పత్రిలో ముందు అక్షరాలు. తర్వాత కంటి మీద గాలి ఊదే మిషను. తర్వాత చీకటి గదిలో ఒక గిన్నెలాంటి దాన్లో గడ్డం పెట్టించి, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు చుక్క కనబడితే అప్పుడు బటను నొక్కమన్నారు. నానమ్మకి పోయింది అంచులే కదా. అంచుల్లోనే వచ్చేవి ఆ చుక్కలు. నేను చుక్క రాకముందే నొక్కేశాను కొన్నిసార్లు. నాకు తెలుసు నొక్కుతున్నానని. ఆ మిషనమ్మాయికీ తెలిసిపోయింది.

"మేడమ్, ఇది పరీక్షే గానీ మార్కులు వేసే పరీక్ష కాదండి. కనబడినప్పుడే నొక్కండి. మళ్లీ మొదటి నుంచి పెడతాను."

రెండోసారి నిజంగా చేశాను.

డాక్టరమ్మ కాయితాలు చూస్తున్నంతసేపూ నేను ఆవిడ బల్ల మీద పెన్నుల డబ్బా చూశాను. నీలం, నీలం, ఎరుపు, మూత లేని నీలం.

"కంట్లో ప్రెషరు మామూలుగానే ఉంది. నరం బాగుంది. అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. "కొంచెం సైటుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. పొడిబారిపోయాయి కళ్లు. మీరు రెప్ప వెయ్యడం మర్చిపోతున్నారు."

"రెప్పా?"

"రోజంతా దేనికేసి చూస్తారు?"

చెప్పాను. షీటు, గడులు, పధ్నాలుగు అంగుళాలు, జరపడం, కుదించడం. ఆవిడ నవ్వలేదు. "అక్షరాలు అంత చిన్నవి చేసుకుని ముక్కు ఆనించి చూస్తే ఎవరికైనా సాయంత్రానికి అలుక్కుపోతుంది. తెర పెద్దది చేసుకోండి, దూరం పెట్టుకోండి. మధ్య మధ్యలో తలెత్తి దూరంగా ఉన్నదేదైనా చూడాలి. గోడ కాదు. దూరం."

ఏడ్చానని రాయాలి కాబట్టి రాస్తున్నాను. పసుపు చున్నీ పనికొచ్చింది.

అప్పుడావిడ నాన్న వైపు తిరిగారు. "నీటికాసులు మీ అమ్మగారికి ఉన్నాయని చెప్పారు కదా. అయితే మనవరాలి కంటే ముందు కొడుకు చూపించుకోవాలి. మీరెప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకెందుకండి," అన్నాడు నాన్న లేస్తూ, "నాకు సూదిలో దారం కూడా కనబడతాది. కొట్టు మూసొచ్చాను, మళ్లీ సీజనయ్యాక..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నేను కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాను. కూర్చున్నాడు.

గిన్నెలో గడ్డం పెట్టి బటను నొక్కుతున్న నాన్నని తలుపు సందులోంచి చూశాను. ఆయన కూడా చుక్క రాకముందే నొక్కుతున్నాడు.

నాన్న కంటి ప్రెషరు అంచు మీద ఉందట. ఇప్పుడేం లేదు, మందు కూడా అక్కర్లేదు, ఆరు నెలలకి మళ్లీ చూడాలి, వదిలెయ్యడానికి మాత్రం లేదు. "ఇంత తొందరగా వచ్చారు, మంచిదైంది" అన్నారు. నాన్న బయటికొచ్చి చాలాసేపు కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. నాకైతే ఊపిరి తేలిగ్గా వచ్చింది. తెలియకుండా ఉండడం కంటే ఇది నయం.

"ఆకలేస్తంది" అన్నాడు. ఇద్దరం రెండేసి ప్లేట్లు తిన్నాం.

తర్వాత మానిటర్ల కొట్టు. ఇది రాయకుండా పడుకోలేను.

ఇరవై నాలుగు చూపించమన్నాను. కొట్లో అమ్మాయి చూపించింది. నేను సంచిలోంచి గళ్ల గుడ్డ తీసి దాని మీద పరిచాను. అమ్మాయి, "కవరు మేమే ఇస్తామండి" అంది. నేను వినలేదు. గుడ్డ అటూ ఇటూ వేలాడుతోంది. తెర చిన్నది, గుడ్డ పెద్దది. నా గోడ మీద హాయిగా ఉన్న ఇరవై నాలుగు ఇది కాదు.

నాన్న మొహం మారింది. జేబులోంచి టేపు తీశాడు. టేపు లేకుండా నాన్న పెళ్లికి కూడా వెళ్లడు. అడ్డంగా పెట్టి కొలిచాడు.

"ఇరవై ఒకటి! నిండా ఇరవై ఒకటి కూడా లేదు! ఏటమ్మా ఇది? ఇరవై నాలుగని రాసి మూడంగుళాలు తినేస్తారేటి? మా కొట్లో ఇలగ కొలిస్తే గుమ్మం దిగనిస్తారేటి నన్ను?"

"అలా కాదండి బాబాయ్‌గారూ. ఈ మూల నుంచి ఆ మూలకి కొలవాలి."

"మూల నుంచి మూలకా?"

"ఆ. అన్నీ అలాగే."

నాన్న కొలిచాడు. సరిపోయింది. అయినా ఒప్పుకోలేదు. "మూల నుంచి మూలకి గుడ్డ ఎవుడైనా కొలుస్తాడేటమ్మా? అలగైతే నా కొట్లో రవికె ముక్క కూడా చీరంత ఉంటాది!"

కొట్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. టీవీ సైజు మూల నుంచి మూలకని నాకు తెలియదా? పరీక్షలో అడిగితే రాసేదాన్ని. చేతిలో కత్తెర పడేసరికి నాకు పన్నా తప్ప ఇంకో కొలత తట్టలేదు. ఎమ్మెస్సీ అంతా కిందికెళ్లి, బట్టల కొట్టు పైకొచ్చింది. పైగా ఎత్తు మాత్రం పదహారుకి తొమ్మిది లెక్క కట్టాను!

గుడ్డ పట్టుకెళ్లి ఇరవై ఏడు మీద వేశాను. దిండుకి గలీబు తొడిగినట్టు సరిపోయింది. నాలుగు మూలలూ. గోడ మీద నాకు నచ్చింది మొదటి నుంచీ ఇదే. సుహాసిని మెడ మామూలు మెడే.

"సూసినావా," అన్నాడు నాన్న, గెలిచినట్టు, "గుడ్డ అబద్దమాడదు. ఈళ్లే ఆడతారు."

ఇరవై ఏడులో రెండు రకాలున్నాయి. ఒకదాన్లో అక్షరాలు లావుగా, అంచులు నలిగినట్టు ఉన్నాయి. ఇంకోదాన్లో చుక్కలు ఎక్కువట, అక్షరం గీసినట్టు ఉంది. నా షీటు తెరిపించి చూశాను. కుదించలేదు. జరపలేదు. ఎడమ చివర కంటైనరు నంబరు. కుడి చివర మైనస్ పద్ధెనిమిది. మధ్యాహ్నం మూడు దాటింది. రెప్ప వేసి చూశాను. అక్కడే ఉంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో. పెట్టె చూసి, "అప్పుడే ఇచ్చీసినారా?" అంది. ఏమి ఇచ్చారనుకుందో. నాన్న చెప్పులు విప్పుతున్నాడు.

"వాళ్లేటన్నారండీ?"

"ప్రెషరు బాగానే ఉన్నాదన్నారు."

"అయ్యో, అబ్బాయికి ప్రెషరా? ఈ వయసులోనా?"

నాన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. అంతలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. లోపలి నుంచి నానమ్మ, "ఏటి, నాకూ సెప్పండర్రా" అని ఒకటే కేకలు.


21 జూన్, శనివారం

అమ్మకి నిజం ఎక్కడానికి ఒక పూట పట్టింది. ఎక్కాక కాసేపు నా తల ఒళ్లో పెట్టుకుంది, "నాకెందుకు సెప్పనేదే" అని. చెప్పాను కదా, నువ్వు అబ్బాయిని వెతుకుతున్నావు అన్నాను.  తర్వాత కళ్లద్దాల సంగతి గుర్తొచ్చి తల ఒళ్లోంచి దించేసింది.

"అద్దాలా? ఎప్పుడూనా? బయటికెళ్లినప్పుడూనా? ఇంతకంటే ఆ అబ్బాయే నయం."

"ఏ అబ్బాయి అమ్మా?"

"ఉంటే నయమని."

పెళ్లిసంబంధాలకి పంపే ఫొటో ఒకటి ముందే తీయించి ఉంచుదామట. అద్దాలు రాకముందే.


26 జూన్, గురువారం

అద్దాలొచ్చాయి. చుక్కల మందు వేసుకుంటున్నాను. కళ్లు మంకెన పువ్వుల నుంచి ఏదో మామూలు పువ్వుల దాకా వచ్చాయి. సుహాసిని ఈ వారం నా షీట్లో ఏమీ దిద్దలేదు, "నాకు పని లేకుండా చేశావే" అని రాసింది. వినోద్‌ గారు వచ్చే నెల నుంచి ఎవరూ చూడక్కర్లేదన్నారు.

ఇప్పుడు ఇంట్లో గొడవ మానిటరు ఎక్కడ అన్నది. నా గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది. చెయ్యి పెడితే సున్నం అంటుకుంటుంది. డాక్టరమ్మ గోడ కాదు, దూరం అన్నారు. ఈ ఇంట్లో దూరం ఉన్నది హాల్లోనే. కిటికీ లోంచి మెయిన్ రోడ్డు, సాలూరు వైపు వెళ్లే లారీలు, వాటి వెనకాల పొలాలు, ఇంకా వెనకాల నీలంగా కొండలు. వాన పడి వెలిసినప్పుడు కొండ మీద చెట్లు కూడా విడివిడిగా. కానీ అక్కడ టీవీ ఉంది.

"వచ్చినోళ్లు ఏటనుకుంటారే?" అంటోంది అమ్మ. "గుమ్మంలోకి రాగానే అద్దాలెట్టుకుని నువ్వు కనబడాలా?"

"నా సీరియలు?" అంటోంది నానమ్మ.

"నీకు వినబడితే సాలు కదేటి" అన్నాడు నాన్న. "టీవీ నీ గదిలో ఎడతాను. గట్టిగా ఎట్టుకో."

నానమ్మ అప్పుడే నా వైపుకి వచ్చేసింది. అమ్మ ఇంకా రాలేదు.

పొద్దున్న నాన్న, నేనూ కలిసి బల్ల జరిపాం. వెలుతురు తెర మీద పడకుండా కిటికీ ఎడమ పక్కకి వచ్చేలా పెట్టాం. కొలత నాన్నే తీశాడు, అడ్డంగానే. గళ్ల గుడ్డ పారెయ్యలేదు, పనయ్యాక తెర మీద కప్పుతున్నాను. డిసెంబరులో ఆయన కళ్లు మళ్లీ చూపించుకోవాల్సిన సంగతి ఎత్తితే, "అప్పుడు పండగ సీజనమ్మా, సూద్దాం" అన్నాడు.

మానిటరు ఇరవై ఏడే, హాల్లోనే ఉంటుంది. ఫొటో అద్దాలతోనే తీయించుకుంటాను. డిసెంబరులో కొట్టు మూసి నాన్నని విజయనగరం తీసుకెళ్తున్నాను.